గోడ పగలకుండా మర విప్పాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. కుళాయి విప్పబోతే రావడం లేదు, గట్టిగా పడితే విరిగేలా ఉంది. ఏదైనా పట్టేసిందనగానే అందరం ఇంకా పెద్ద పానా కోసం చూస్తాం. పానా పట్టుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ మరను బిగబట్టింది ఏమిటి: సున్నపు గారా, తుప్పా, ఎండిపోయిన రంగూ సుతిలీనా, లేక బిగించినప్పుడే అతిగా బిగించారా? మనం బలం పెడితే ముందుగా విరిగేది ఏది? రెండోదానికి జవాబు తెలియకుండా ఎవరూ గోడలోని ఫిటింగ్ మీద చెయ్యి వెయ్యకూడదు.

వాష్‌బేసిన్ కింద యాంగిల్ కాక్ (గోడ నుంచి గొట్టానికి నీళ్లిచ్చే చిన్న కుళాయి) దగ్గర నీరు కారుతోంది. ప్లంబర్ వచ్చి విప్పబోయాడు కానీ రాలేదు. ఇంకా గట్టిగా తిప్పితే లోపల ఎల్బో (పైపు మలుపు ముక్క) విరుగుతుంది, టైల్సు పగలగొట్టాలి అంటున్నాడు. ఫ్లాట్ కట్టి పన్నెండేళ్లయింది. టైల్సు జోలికి వెళ్లకుండా దారేమైనా ఉందా అండీ?
*ఒక గృహిణి, కూకట్‌పల్లి*

ముందు, అసలు దాన్ని గోడలోంచి తీయాల్సిన అవసరం ఉందో లేదో చూడండి. కాక్ మొత్తాన్ని పొడిగుడ్డతో తుడిచి, చుట్టూ టిష్యూ కాగితం ముక్కలు ఆనించి పది నిమిషాలు ఆగండి. హ్యాండిల్ మొదట్లో ఉన్న ముక్క ముందు తడిస్తే తప్పు స్పిండిల్ దగ్గరుంది, అంటే హ్యాండిల్‌తో పాటు తిరిగే లోపలి కాడ దగ్గర. అక్కడ గ్లాండ్ నట్టు (కాడ చుట్టూ నీరు రాకుండా అదిమే నట్టు) ఉన్న రకమైతే దాన్ని ఎనిమిదో వంతు చుట్టు బిగిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. ఆగకపోయినా, నీళ్లు కట్టేసి పైభాగం ఒక్కటి విప్పి లోపలి స్పిండిల్ మార్చుకోవచ్చు, గోడలో ఉన్న మర కదలనక్కర్లేదు. బేసిన్‌కి వెళ్లే గొట్టం నట్టు దగ్గర తడిస్తే అందులోని రబ్బరు వాషర్ పోయినట్టు. గోడకు ఆనుకున్న బిళ్ళ దగ్గర తడిస్తేనే కాక్ మొత్తం తీయాలి. ఈ మూడింటికీ తేడా చూడకుండా విప్పడం మొదలుపెట్టడం వల్లే సగం టైల్సు పగులుతున్నాయి.

తీయక తప్పదని తేలితే బిళ్ళను వెనక్కి లాగి, లోపలికి టార్చి వేసి చూడండి. ఇత్తడి అంచు చుట్టూ మీగడ రంగు ప్లాస్టిక్ కనిపిస్తే అది సీపీవీసీ. బూడిద రంగు ఇనుము, దాని మీద తుప్పు కనిపిస్తే జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుము. పన్నెండేళ్ల ఫ్లాటంటే సీపీవీసీయే అయ్యుండాలి. అందులో బలహీనత ఎక్కడుందో తెలుసుకోండి. ఎల్బోలో ఇత్తడి మరను ప్లాస్టిక్ మధ్యలో పొదిగి పోత పోస్తారు. మీరు కాక్‌ని తిప్పుతుంటే ఆ బలమంతా ఇత్తడి మీంచి ప్లాస్టిక్ మీదకు పోతుంది. మర వదలకపోతే ఇత్తడి ముక్క ప్లాస్టిక్‌లోనే గిర్రున తిరుగుతుంది, లేదా ఎల్బో మెడ దగ్గర పైపు పుటుక్కున తెగుతుంది. గోడ లోపల కాబట్టి వెనక నుంచి రెండో పానాతో పట్టుకునే వీలు లేదు. అందుకే ఇక్కడ బలం చివరి మాట కావాలి.

ఇక పని. పైన ట్యాంకు దగ్గర ఆ లైను వాల్వు కట్టేసి, బాత్రూంలో అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తెరిచి పైపు ఖాళీ చేయండి. అపార్టుమెంట్లలో ఒకే బాత్రూంకి రెండు మూడు లైన్లు వస్తాయి, కాబట్టి నీళ్లు నిజంగా ఆగాయో లేదో చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. అరంగుళం డమ్మీ ప్లగ్ ఒకటి ముందే తెచ్చి పెట్టుకోండి. పని మధ్యలో ఆగిపోతే ఆ రంధ్రానికి ప్లగ్ బిగించి ఇంట్లో మిగతా నీళ్లు వదులుకోవచ్చు. అది లేకపోతే కొత్త కాక్ దొరికేదాకా ఇల్లంతా నీళ్లుండవు.

బిళ్ళ చుట్టూ వైట్ సిమెంటు ఉంటే సన్నని స్క్రూడ్రైవర్‌తో గీకేయండి. చాలాచోట్ల కాక్‌ని పట్టి ఉంచేది మర కాదు, ఆ సిమెంటే. తర్వాత పాత బనియను గుడ్డను తెల్ల వెనిగర్‌లో తడిపి మర మొదట్లో చుట్టి అరగంట ఉంచండి. బోరు నీళ్ల ఇళ్లలో మరల మధ్య పేరుకునేది ఎక్కువగా కాల్షియం కార్బనేట్, అది వెనిగర్‌కి కరుగుతుంది. గుడ్డ తీసి, మంచినీళ్లతో కడిగి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో కాక్ ఒంటికి నాలుగైదు నిమిషాలు వేడి తగలనివ్వండి. ఆ వెంటనే చన్నీటి గుడ్డతో చల్లార్చండి. ఇలా రెండు మూడు విడతలు చేస్తే లోహం సాగి ముడుచుకునే క్రమంలో గార బీటలు వారుతుంది. మంట మాత్రం వద్దు. సీపీవీసీ పైపు 93 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారైంది, గ్యాస్ టార్చి మంట వెయ్యి డిగ్రీలు దాటుతుంది.

నూనె గురించి ఒక గట్టి మాట. కొబ్బరినూనె గానీ, వంట నూనె గానీ, తుప్పు వదిలించే స్ప్రేలు గానీ సీపీవీసీ ఫిటింగ్ దగ్గర వాడకండి. వంట నూనెలు ఆ ప్లాస్టిక్‌కి అస్సలు పడవు. ఆ రోజు ఏమీ కాదు. కొన్ని వారాలకో నెలలకో ఒత్తిడి పడుతున్న చోట సన్నని నెర్రెలు వస్తాయి. గోడ లోపల అలా నెర్రె పడితే కారణం ఎవరికీ అంతుపట్టదు.

ఇప్పుడు స్కెచ్ పెన్నుతో కాక్ ఒంటి మీంచి ఎల్బో ఇత్తడి అంచు మీదుగా ఒక గీత గీయండి. ఈ పనిలో అన్నిటికంటే విలువైనది ఈ గీతే. పానాను కాక్ ఒంటి మీద పలకలుగా ఉన్న చోట పట్టించండి. హ్యాండిల్‌నో, నీళ్లు బయటికొచ్చే మూతినో పట్టుకుని తిప్పితే అవి విరుగుతాయి. మొదట బిగించే వైపు, అంటే సవ్య దిశలో, వెంట్రుకవాసి కదపండి. ఆ తర్వాతే అపసవ్య దిశలో. పానాను కిందికి వంచకుండా గోడకు సమాంతరంగా తిప్పాలి. ఒక చెయ్యి పానా తల దగ్గర ఆనించి ఉంచితే వంపు రాదు. కాక్ కదిలినప్పుడు గీత రెండుగా విడిపోతే మర వదిలినట్టు, కీచుమని శబ్దం కూడా వస్తుంది. గీత విడిపోకుండా ఇత్తడి అంచు కూడా కలిసి తిరుగుతున్నా, తిప్పి వదలగానే స్ప్రింగులా వెనక్కి వచ్చేస్తున్నా అక్కడే ఆపేయండి. లోపల పైపు మెలి తిరుగుతోంది. అప్పుడు ప్లంబర్ చెప్పిందే సరైన మాట: ఆ ఒక్క టైలు కోసి తీసి, ఎల్బో మార్చుకోవడం. గోడ లోపల తెలియకుండా కారే నీళ్ల కంటే ఒక టైలు పోవడం చాలా నయం. టైలును సుత్తితో కాకుండా కట్టర్‌తో అంచుల వెంట కోయించండి, పక్క టైళ్లు మిగులుతాయి.

కుళాయి మారుద్దామని తిప్పితే మర ఉన్న ముక్క తెగి గోడలోనే ఉండిపోయింది, కుళాయి చేతికొచ్చింది. లోపలి ముక్క ఎలా తీయాలి?
*ఒక పాఠకుడు, విజయవాడ*

ఇలా తెగేది ఎక్కువగా టైలు మందం కలిసిరావడానికి మధ్యలో వేసే ఎక్స్‌టెన్షన్ నిపుల్, అంటే మరలున్న పొట్టి గొట్టం ముక్క. ఇత్తడి పల్చగా ఉండి, చిలుము పట్టి పెళుసెక్కి ఉంటుంది. కంగారు పడకండి. గోడలోని ఎల్బో బాగుంటే ముక్కను తీయవచ్చు, కానీ ఓపిక కావాలి.

దీనికి ఎక్స్‌ట్రాక్టర్ అనే పనిముట్టు దొరుకుతుంది. కొన వైపు సన్నగా ఉండి అంచులు ఎడమకు మెలి తిరిగి ఉంటాయి. లోపలికి దిగేకొద్దీ ముక్కను పట్టుకుని తిప్పుతుంది. జీఐ ఫిటింగుల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. సీపీవీసీ ఎల్బోలో మాత్రం దీన్ని నేరుగా వాడొద్దు. అది దిగేకొద్దీ ముక్కను బయటికి ఉబ్బిస్తుంది, అప్పటికే బిర్రుగా ఉన్న మర ఇంకా బిగుస్తుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పగులుతుంది. సుత్తితో కొట్టి దించడం మరీ ప్రమాదం.

నమ్మకమైన పద్ధతి ఆక్సా బ్లేడు. ఫ్రేము అక్కర్లేదు. అంగుళానికి 24 పళ్లున్న కొత్త బ్లేడు తీసుకుని ఒక చివర మందంగా గుడ్డ చుట్టండి. రెండో చివర ముక్క బోలులోకి దూర్చి, పళ్లు ముక్క లోపలి గోడకు ఆనేలా పెట్టి, లోపలి నుంచి బయటి వైపు నిలువుగా కోయండి. బ్లేడు బయటికి లాగేటప్పుడు కోసేలా పళ్లను మీ వైపు తిప్పి పట్టుకుంటే అదుపు బాగుంటుంది. ముక్క మందం రెండు మూడు మిల్లీమీటర్లే. నాలుగైదు లాగులకోసారి ఆపి టార్చి వేసి చూడండి. కోత అడుగున ఒక దాని వెంట ఒకటి మెరిసే చుక్కలు వరసగా కనిపించాయంటే అవి ఎల్బో మరల శిఖరాలు, అక్కడితో ఆపాలి. అవతలి మరకు చిన్న గీటు పడినా టెఫ్లాన్ టేపు కప్పేస్తుంది, లోతుగా కోస్తే మాత్రం ఆ ఎల్బో ఇక పనికిరాదు. మొదటి కోతకు ఎనిమిది పది మిల్లీమీటర్ల దూరంలో రెండో కోత కోయండి. ఆ రెంటి మధ్య పలుకును సన్నని స్క్రూడ్రైవర్‌తో లోపలి వైపు, అంటే బోలు మధ్యకు, మడిచేయండి. ఆ పలుకు వంగగానే మిగతా ముక్క బిగువు సడలుతుంది. ముక్కుపట్టుకారుతో పట్టి అపసవ్య దిశలో తిప్పితే వచ్చేస్తుంది.

తర్వాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. లోపల ఇత్తడి రజను మిగిలిపోతుంది. కొత్త కుళాయి బిగించక ముందే కింద బకెట్ పెట్టి, పైన వాల్వు రెండు మూడు సెకన్లు తెరిపించి నీళ్లు చిమ్మనివ్వండి. లేకపోతే ఆ రజను కొత్త కుళాయిలోని సిరామిక్ బిళ్ళల మధ్య చేరి వాటిని గీరేస్తుంది, వారం తిరక్కుండానే కారడం మొదలవుతుంది. అప్పుడు కుళాయి నాసిరకం అనుకుంటారు.

కొత్త కుళాయికి టెఫ్లాన్ టేపు ఎన్ని చుట్లు చుట్టాలి? ఒక్కో ప్లంబర్ ఒక్కోలా చెబుతున్నాడు.
*ఒక పాఠకురాలు, కరీంనగర్*

అరంగుళం మరకు, మన షాపుల్లో దొరికే సన్నని తెల్ల టేపైతే, అవతల ఇత్తడి మర ఉన్నప్పుడు ఆరు నుంచి ఎనిమిది చుట్లు. అవతల మొత్తం ప్లాస్టిక్ మరే అయితే మూడు నాలుగు చాలు. టేపు ఎక్కువైతే మంచిదేగా అనుకుంటారు, అది పొరపాటు. మందం పెరిగేకొద్దీ బయటి ఫిటింగ్‌ని లోపల నుంచి చీలుస్తుంది. కొసన ఉన్న మొదటి మరను వదిలేసి, కొసను మీ వైపు పెట్టుకుని సవ్య దిశలో లాగి పట్టి చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్ద కడుతుంది.

చేత్తో మూడు నాలుగు చుట్లు ఎక్కాలి, పానాతో మరో ఒకటి ఒకటిన్నర. మొదటి చుట్టు నుంచే పానా కావాల్సి వస్తుంటే మర పెడగా ఎక్కుతోందని అర్థం, విప్పి మళ్లీ మొదలుపెట్టండి. కుళాయి మూతి నిటారుగా రాలేదని చివర్లో వెనక్కి తిప్పకండి. బిగుసుకున్న టేపు అక్కడ తెగి, నీటికి దారి ఇస్తుంది. పూర్తిగా తీసి, పాత టేపు గోకేసి, ఒక చుట్టు ఎక్కువో తక్కువో వేసి మళ్లీ బిగించాలి.

రబ్బరు వాషర్ ఉన్న గొట్టాల నట్లకు టేపు అక్కర్లేదు. అక్కడ నీటిని ఆపేది వాషర్, మర కాదు. చేత్తో బిగించి పానాతో పావు చుట్టు వేస్తే సరి. టేపు చుడితే నట్టు పూర్తిగా దిగక వాషర్ ఆనదు. బేసిన్ కింద పడుకుని ఆ నట్టు విప్పేటప్పుడు వైపు తికమకపెడుతుంది కాబట్టి, నట్టును కింది నుంచి చూస్తున్నట్టు ఊహించుకుని అపసవ్యంగా తిప్పండి.

పాత ఇత్తడి పంపు ఎంత గట్టిగా కట్టినా చుక్కచుక్క కారుతోంది. రోజురోజుకూ ఇంకా గట్టిగా తిప్పాల్సి వస్తోంది. పంపు మార్చాల్సిందేనా?
*విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు*

మార్చక్కర్లేదు మాస్టారూ. వాషర్ అరిగింది, అంతే. గట్టిగా తిప్పేకొద్దీ వాషర్ ఇంకా నలుగుతుంది, చివరికి కింద వాషర్ ఆనే ఇత్తడి గద్దె కూడా గీతలు పడుతుంది. అప్పుడు వాషర్ మార్చినా ప్రయోజనం ఉండదు, అందుకే తొందరపడండి. సెకనుకో చుక్క చొప్పున కారినా రోజుకు నాలుగు లీటర్లకు పైనే పోతాయి.

నీళ్లు కట్టేశాక పంపును పూర్తిగా తెరిచి ఉంచండి. ఇది ముఖ్యం. మూసి ఉన్నప్పుడు తల విప్పబోతే స్పిండిల్ వాషర్‌ను గద్దెకేసి అదుముతూ ఉంటుంది, తల రాదు, పట్టేసిందనుకుని అనవసరంగా బలం పెడతారు. పంపు మూతిని ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి, లేదా గుడ్డ చుట్టి రెండో పానాతో పట్టించండి. పట్టకపోతే తలతోపాటు పంపు మొత్తం కదిలి గోడలో మర దెబ్బతింటుంది. స్క్రూ స్పానర్‌తో తల నట్టును అపసవ్యంగా తిప్పండి. స్పానర్ కదిలే దవడ ఏ వైపుందో ఆ వైపుకే తిప్పాలి, అప్పుడు బలం గట్టి దవడ మీద పడి నట్టు మూలలు అరగవు.

ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము పట్టి రాకపోతే, ఇక్కడ చుట్టూ ప్లాస్టిక్ లేదు కాబట్టి తుప్పు స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయవచ్చు. పొద్దున నట్టు పలకల మీద చిన్న సుత్తితో చుట్టూ మెల్లగా తట్టండి. ఆ అదురుకే నూనె సందుల్లోకి దిగుతుంది. తలతోపాటు కింద చిన్న కాడలాంటి ముక్క వస్తుంది, దాని అడుగునే వాషర్. పాతదాన్ని షాపుకు తీసుకెళ్లి అదే సైజు తెచ్చుకోండి. వేలి కొనతో గద్దె అంచు తడిమి చూడండి. నున్నగా ఉంటే సరే, గోటికి గాడి తగిలితే గద్దె చెక్కే పనిముట్టున్న ప్లంబర్‌కి చూపించండి. మళ్లీ వాడే ముందు బాగా కడిగి, కాసేపు నీళ్లు పారబోయండి.

పావు చుట్టుతో తెరుచుకునే కొత్త రకాల్లో వాషర్ ఉండదు, సిరామిక్ బిళ్ళలున్న స్పిండిల్‌ను మొత్తంగా మార్చాలి. అన్నీ ఒకేలా కనిపించినా హ్యాండిల్ కూర్చునే పళ్ల సంఖ్య, పొడవు కంపెనీని బట్టి మారతాయి. పాత ముక్క చేతిలో లేకుండా షాపుకు వెళ్లొద్దు.

డాబా మీద ట్యాంకు కింద గేట్ వాల్వు తెరిచి ఉన్న చోటే పట్టేసింది. చక్రం తిరగడం లేదు. దాన్ని కట్టకుండా కింద ఏ పనీ చేయలేకపోతున్నాం.
*ఒక పాఠకుడు, హన్మకొండ*

ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే గేట్ వాల్వు ఇలాగే అవుతుంది. స్పిండిల్ మరల్లో గార, గేటు జారే గాడిలో మడ్డి చేరతాయి. చక్రానికి ఇనుప కడ్డీ దూర్చి తిప్పితే లోపల స్పిండిల్ తెగుతుంది. చక్రం తిరుగుతుంది గానీ గేటు కదలదు. సగం దిగి తెగితే కష్టం ఇంకా పెద్దది.

చక్రం కింద ఉన్న గ్లాండ్ నట్టును అర చుట్టు వదులు చేయండి. కొంచెం నీరు చెమ్మగిల్లుతుంది, ఫర్వాలేదు. స్పిండిల్‌ను పట్టి ఉంచే పాత ప్యాకింగ్ సడలుతుంది. ఇత్తడి వాల్వు అయితే పాత గుడ్డ చుట్టి మరిగిన నీళ్లు పోస్తూ, చక్రాన్ని ఇటు కొంచెం అటు కొంచెం కదపండి. ఒక వైపుకే నెట్టకండి. వేలెడు కదిలితే వెనక్కి తెచ్చి, మళ్లీ రెండు వేళ్లంత. ఈ రాకపోకలతోనే మడ్డి నలిగి పోతుంది. మూసుకున్నాక గ్లాండ్ నట్టు మళ్లీ బిగించండి.

అయినా రాకపోతే వాల్వు మార్చాలి, అప్పుడు ట్యాంకు నీళ్లన్నీ వృథా చేయనక్కర్లేదు. ట్యాంకు లోపల నుంచి నిపుల్ నోటికి గుడ్డ చుట్టిన చెక్క బిరడా బిగిస్తే చాలు. నీటి ఒత్తిడే దాన్ని అదిమి పట్టుకుంటుంది. బిరడాకు తాడు కట్టి, రెండో కొసను బయట ముడి వేయండి, తర్వాత లాగడానికి. వాల్వు విప్పేటప్పుడు ట్యాంకు నిపుల్‌ను రెండో పానాతో కదలకుండా పట్టాలి. అది తిరిగితే ట్యాంకు గోడకున్న రబ్బరు వాషర్ నలిగి, వాల్వు కారడం పోయి ట్యాంకు కారడం మొదలవుతుంది. కొత్తది యూనియన్ (పైపులను విడదీసేందుకు వీలైన నట్టు జాయింటు) ఉన్న బాల్ వాల్వు వేయించుకోండి, మరోసారి పైపు కోయకుండా విప్పుకోవచ్చు. ఏది వేసినా రెండు మూడు నెలలకోసారి కట్టి తెరవండి. గేట్ వాల్వు అయితే పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి ఉంచండి, కొసన పట్టేయదు. డాబా అంచున ట్యాంకు ఉంటే ఒంటరిగా పని చేయొద్దు.

బోరు నీళ్లకు షవరు, కుళాయి మూతి జాలీ తెల్లగా గారకట్టి విప్పడానికి రావడం లేదు. యాసిడ్ పోయవచ్చా?
*ఒక పాఠకురాలు, మదనపల్లె*

వద్దమ్మా. బాత్రూం యాసిడ్ క్రోము పూతను తినేసి కింద ఇత్తడిని నల్లబరుస్తుంది. అదే చోట బ్లీచింగ్ పౌడర్ ఆనవాలు ఉంటే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరికే ముప్పు. అరలీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, ప్లాస్టిక్ సంచిలో పోసి, షవరు తల మునిగేలా పెట్టి రబ్బరు బ్యాండు వేయండి. అరగంట చాలు, గంట దాటనివ్వొద్దు. తర్వాత పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి చేత్తో తిప్పితే జారకుండా వస్తుంది, పానా గీతలు పడవు. జాలీని తీసి పళ్ల బ్రష్‌తో తోమి, లోపలి రబ్బరు రింగు ఏ వైపుందో చూసుకుని అలాగే పెట్టండి. తాగునీటి ప్రమాణాల్లో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేనిచోట 600 వరకు ఒప్పుకోవచ్చని ఉంది. మీ బోరు నీరు ఆ పై అంచుకు దగ్గరైతే జాలీని నెలకోసారి విప్పి కడగడం మంచిది, పట్టేసే అవకాశమే ఉండదు.

తాతల నాటి ఇల్లు, అన్నీ జీఐ పైపులు. యూనియన్ విప్పాలి, ఇద్దరం కలిసి తిప్పినా కదల్లేదు.
*ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం*

అప్పట్లో మరలకు సుతిలి చుట్టి సఫేదా (తెల్ల రంగు ముద్ద) పూసి బిగించేవారు. అది రాయిలా గట్టిపడుతుంది, దాని మీద తుప్పు. జీఐకి నూనె బెంగ లేదు కాబట్టి తుప్పు స్ప్రే పూట పూటకూ కొడుతూ రెండు రోజులు నాననివ్వండి, మధ్యమధ్య సుత్తితో తట్టండి. తర్వాత రెండు పైపు పానాలు వాడాలి. ఒకటి పైపును కదలకుండా, రెండోది యూనియన్ నట్టును తిప్పడానికి, నోళ్లు ఎదురెదురు దిశల్లో. పైపు పానా ఒక వైపుకే పట్టు ఇస్తుంది, తిరగేసి పెడితే జారుతుంది. పన్నెండంగుళాల పానాకు పొడుగ్గా పైపు తొడిగి బలం పెంచాలనిపిస్తుంది. తుప్పు తిన్న పైపులో మర మొదట్లో గోడ మందం సగం కూడా మిగలదు, అక్కడే తెగుతుంది. ఇత్తడి వాల్వుకు కలిసే చోట మరీను, ఇత్తడి పక్కనున్న ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

అంతటితో రాకపోతే యూనియన్ నట్టును ఆక్సా బ్లేడుతో ఐమూలగా కోసి, కోతలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టండి. కొత్త యూనియన్ తెచ్చుకుంటే సరిపోతుంది. వేడి చేయాలనుకుంటే స్ప్రే కొట్టిన చోట మంట పెట్టొద్దు, అది అంటుకుంటుంది. జింకు పూత కాలిన పొగ పీల్చడం కూడా మంచిది కాదు. ఒక జాయింటు ఇంత మొండికేసిందంటే మిగతావీ అదే వయసువి. చిన్న చిన్న మరమ్మతుల మీద డబ్బు పోసే బదులు ఆ లైను మొత్తం సీపీవీసీకి మార్పించడమే మా సలహా.

గీజరుకు వచ్చే గొట్టం నట్టు పట్టేసింది. మేమే విప్పుకోవచ్చా?
*ఒక పాఠకురాలు, తిరుపతి*

స్విచ్ ఒక్కటే కాదు, ఆ లైను ఎంసీబీ (బోర్డులోని ట్రిప్ స్విచ్) కూడా దించి, వేడి నీళ్ల కుళాయి తెరిచి చల్లని నీళ్లు వచ్చేదాకా వదిలాకే ముట్టుకోండి. గీజరు నుంచి బయటికొచ్చిన నిపుల్ ట్యాంకుకు అతికి ఉంటుంది. దాన్ని ఒక పానాతో కదలకుండా పట్టి, నట్టును మాత్రమే తిప్పాలి. నిపుల్ మెలి తిరిగితే ట్యాంకే పోతుంది. నీళ్లు లోపలికి వచ్చే వైపున్న సేఫ్టీ వాల్వును తీసి పక్కన పెట్టి, మళ్లీ బిగించడం మరిచిపోయేవారున్నారు. అది లేకుండా గీజరు వాడకూడదు.

అమెరికా నుంచి షవరు తల తెచ్చాను. హైదరాబాద్ ఇంట్లో మర ఎక్కింది గానీ ఎంత బిగించినా కారుతోంది. ఇప్పుడు వెనక్కీ రావడం లేదు.
*ఒక పాఠకుడు, డాలస్*

మన దేశంలో వాడేది బ్రిటిష్ పైపు మర, అక్కడిది అమెరికన్ మర. అరంగుళం సైజులో రెండిటికీ అంగుళానికి 14 చుట్లే, కాబట్టి మొదట్లో ఎక్కినట్టే ఉంటుంది. మర కోణం మాత్రం వేరు, ఇక్కడ 55 డిగ్రీలు, అక్కడ 60. రెండు మూడు చుట్ల తర్వాత ఒకదాన్నొకటి కొరుక్కుని పట్టేస్తాయి, సందుల్లోంచి నీళ్లు కారతాయి. ఇంకా బిగించకండి, షవరు చెయ్యి మర పాడవుతుంది. గోడ దగ్గర షవరు చేతిని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, తలను సైకిల్ ట్యూబు చుట్టి అపసవ్యంగా తిప్పండి. ఒక చేత్తో పట్టకపోతే గోడలోని మర ముందు వదులవుతుంది. బయటికి వచ్చాక షవరు చెయ్యి మరలు నలిగి ఉంటే ఆ చెయ్యి ఒక్కటి మార్చుకోండి. ఆ తల మీదే మనసుంటే రెండు రకాల మరలను కలిపే అడాప్టర్ ఇత్తడిలో దొరుకుతుంది. అక్కడి నుంచి వచ్చేటప్పుడే కొని తెచ్చుకుంటే ఇక్కడ వెతుక్కునే పని తప్పుతుంది.